పండక్కి పంపొద్దనే అంటాను

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా సంఘంలో ఒకావిడ పక్కకు పిలిచింది. వాళ్ళబ్బాయి జూన్‌లో విశాఖపట్నం వెళ్ళాడు, మిషనరీ ట్రైనింగ్‌కి. క్రిస్మస్‌కి ఇంటికి పంపరట. "నువ్వూ వైజాగ్‌లోనే ట్రైనింగ్ చేసొచ్చావు గదా నాయనా. ఆ పెద్దోళ్ళకి ఒక మాట చెప్పరాదా? మూడ్రోజులు పంపితే వాళ్ళ సొమ్మేం పోయిద్ది? బట్టలు కూడా తీసిపెట్టాను" అంది.

చెప్పనన్నాను. పంపకపోవడమే మంచిదని కూడా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకూ పిల్లలు పుడితే తెలుస్తదిలే" అని వెళ్ళిపోయింది.

మెట్ల మీద నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆవిడకీ నచ్చదు, ట్రైనింగ్ సెంటర్లు నడిపే పెద్దలకీ నచ్చదు. రూలు మంచిదే. ఆ రూలుకి వాళ్ళు చెప్పే కారణం మాత్రం తప్పు. తప్పుడు కారణం చెప్పి మంచి పని చేయిస్తే పిల్లలు ఎలా తయారవుతారో నాకు బాగా తెలుసు, నేను అలా తయారైనవాణ్నే గనక.

మాది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున పల్లె. 2014లో డిగ్రీ అవగానే వైజాగ్ బండెక్కాను. ఏడాది కోర్సు, పద్నాలుగు మందిమి. పొద్దున నాలుగున్నరకి గంట కొట్టేవాళ్ళు. ప్రార్థన, బైబిలు క్లాసులు, మధ్యాహ్నం తోటపనో గిన్నెలు తోమే వంతో, శనివారాలు ఫీల్డు. ఫీల్డు అంటే ఊరి మీదికి వెళ్ళి కరపత్రాలు పంచడం, ఆస్పత్రి వార్డుల్లో ఒప్పుకున్నవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం. రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్లు చేతికిచ్చి ఐదున్నరకి మళ్ళీ తీసేసుకునేవాళ్ళు.

చేరిన మొదటి రోజే పెద్దాయన రూలు చెప్పాడు. మొదటి క్రిస్మస్ ఇక్కడే. ఎవరికీ సెలవు లేదు. "తల్లిని, తండ్రిని, పండగని వదులుకోలేనివాడు రేపు కొండల్లో సేవేం చేస్తాడు? దేవుడి కోసం ఈ ఒక్క త్యాగం చెయ్యలేరా?" అన్నాడు. హాలు అదిరేలా ఆమేన్ అన్నాం. జూన్‌లో కూర్చుని డిసెంబరుకి ఆమేన్ చెప్పడం చాలా తేలిక.

అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ తుఫాను గురించి వైజాగ్ వాళ్ళు చెప్పినట్టు నేను చెప్పలేను. నాకు గుర్తున్నది శబ్దం. రైలు ఇంటి మీదుగా పోతున్నట్టు గంటల తరబడి ఒకటే శబ్దం. మా వంటింటి రేకులు లేచిపోయాయి. మర్నాడు చూస్తే ఊళ్ళో చెట్టన్నదానికి ఆకు లేదు, కొండలు గుండు కొట్టించుకున్నట్టున్నాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు పలకవు. ఎక్కడెక్కడి నుంచో లైన్‌మెన్లు లారీల్లో వచ్చి స్తంభాలెత్తారు. పదకొండు రోజులకే దీపావళి. ఆ పండగని వాళ్ళు మా వీధి చివర స్తంభం మీదే గడిపారు. కింద నుంచి మా వంటమనిషి టీ ఫ్లాస్కు పట్టుకుని పిలిస్తే దిగొచ్చి తాగి మళ్ళీ ఎక్కారు. అప్పుడు దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

డిసెంబరు వచ్చింది. తెలుగు సంఘాల్లో డిసెంబరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండక్కి ముందే జరుపుకునే వేడుకలు, మొదలవుతాయి. స్త్రీల సమాజం సెమీ క్రిస్మస్, యూత్ సెమీ క్రిస్మస్, ఫలానా ఆఫీసు స్టాఫ్ సెమీ క్రిస్మస్. అసలు క్రిస్మస్ వచ్చేసరికి కేకు మొహం చూస్తేనే వెగటు పుడుతుంది. మేం పాటలు పాడే గుంపు కాబట్టి అన్నిటికీ మమ్మల్ని తోలేవాళ్ళు. అంటే ఇంటికి దూరంగా ఉన్నాం గానీ పండగకి దూరంగా ఏమీ లేం. పండగలో పీకలదాకా మునిగి ఉన్నాం. అయినా బెంగ తగ్గలేదు. మా అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు బెల్లం పొంగే వాసన ఒకటుంటుంది. జగదాంబ సెంటర్‌లో ఏదో స్వీటు షాపు ముందు నుంచి పోతుంటే అదే వాసన తగిలి, బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను. ఇరవై రెండేళ్ళవాణ్ని, అరిసె కోసం ఏడుస్తున్నానని పక్కవాడికి ఎలా చెప్పను?

మా వీధి మొదట్లో టీ కొట్టాయన ఉండేవాడు. రోజూ పొద్దున కొండ మీది అప్పన్నకి దండం పెట్టుకుని స్టవ్ వెలిగించేవాడు. "ఏటి బాబూ, మీ పండక్కి కూడా మిమ్మల్ని ఇంటికి ఒగ్గరా? మీ వోళ్ళు మరీ ఘోరం" అన్నాడొకసారి. త్యాగం గురించి నాకు నేర్పిన మాటలన్నీ ఆయనకి చెప్పాను. అంతా విని, "మరి మీయమ్మ ఏటంది?" అని అడిగాడు. ఏమందో నాకు తెలియదు. నేను అడగలేదు.

క్రిస్మస్ చెట్టుకి మా వైపులాగే అక్కడా సరుగుడు కొమ్మే. ఆ ఏడాది పచ్చటి సరుగుడు దొరకలేదు. తీరమంతా కూలిన చెట్లే, రెండు నెలలకి ఎండి గోధుమరంగు తిరిగినవే. చివరికి అలాంటిదే ఒకటి తెచ్చి బక్కెట్లో ఇసక పోసి నిలబెట్టాం. స్టార్ మాత్రం కొనకుండా చేశాం. ఆ పని మా బ్యాచ్‌లో కొండల నుంచి వచ్చిన కుర్రాడు నెత్తిన వేసుకున్నాడు. పాడేరు దాటాక ఎక్కడో లోపల వాళ్ళ ఊరు, ఇంట్లో మాట్లాడేది కువి. వెదురు చీల్చి పుల్లలు నున్నగా చెక్కి, రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి తిప్పి కట్టి, మధ్యలో నాలుగు అడ్డపుల్లలు పెట్టి పొట్ట ఉబ్బేలా నిలబెట్టాడు. మైదా ఉడికించిన జిగురుతో ఎర్ర కాగితం అంటించాడు. ఎక్కడా ముడత లేదు. మేం పదమూడు మందిమి చుట్టూ నిలబడి చూస్తున్నాం.

పని చేస్తూనే వాళ్ళ ఊళ్ళో క్రిస్మస్ గురించి చెప్పాడు. ప్రార్థన అయ్యాక ఊరంతా కలిసి ఒకచోట వండుకుంటారట, నమ్ముకున్నవాళ్ళూ నమ్ముకోనివాళ్ళూ అందరూ. రాత్రి థింసా ఆడతారట. థింసా అనేసరికి మాలో ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు. పండగ రోజు చర్చి ముందు డాన్సేంటని. అతను అది చూసి ఇంకేమీ చెప్పలేదు, కాగితం అంటించుకుంటూ కూర్చున్నాడు.

ఆరు నెలలుగా అతను మా భాషలో ప్రార్థన చేస్తున్నాడు, మా తిండి తింటున్నాడు, మా పాటలు మా రాగాల్లో నేర్చుకుంటున్నాడు. ఒక్కసారి కూడా మేం అతని భాషలో ఒక్క పాట నేర్పమని అడగలేదు. రేపు అతని కొండలకి సేవకెళ్ళాల్సింది మేమేనని మాకు క్లాసుల్లో చెప్తూనే ఉన్నారు. ఆ పద్నాలుగు మందిలో ఇంటికి నిజంగా దూరంగా ఉన్నది అతనొక్కడే. నాకు ఒంగోలు నుంచి వైజాగ్ రావడమంటే రాత్రి బండెక్కి పొద్దున దిగడం, అంతే. భాష మారలేదు, కీర్తనల పుస్తకం మారలేదు. పర్లాకిమిడి వైపు 1803లో పుట్టి, కటకంలో 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి కీర్తనలు మా పల్లెలో మా నాయనమ్మ పాడేది, ఇక్కడి ముసలమ్మలూ పాడుతున్నారు. కాస్త జోరుగా పాడతారంతే. మా వైపు ఒక చరణం అయ్యేలోపు వీళ్ళు కీర్తన ముగించి కూర్చుంటారు.

ఇక డిసెంబరు 24 రాత్రి.

క్యారల్స్‌కి టాటా ఏస్ ఒకటి మాట్లాడారు. డోలక్, గిటారు, రెండు తాంబరిన్లు, ఒక చిన్న స్పీకరు. క్రిస్మస్ తాత వేషం నాకు పడింది, మిగతావాళ్ళకంటే లావుగా ఉన్నానని. వెల్వెట్ గుడ్డతో కుట్టిన ఎర్ర కోటు, దూది గడ్డం, పెదాల దగ్గర చిన్న చీలిక ఉన్న ప్లాస్టిక్ మాస్కు. వైజాగ్ డిసెంబరులో చల్లగాలి ఉంటుంది, నిజమే, ఆ మాస్కులోకి మాత్రం రాదు. తొమ్మిదింటికి బయల్దేరి వన్ టౌన్ సందులన్నీ తిరిగాం. కురుపాం మార్కెట్ దాటాక పైన రాస్ హిల్ చర్చి దీపాలు కనిపించాయి. ఆ పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడు కొండలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఇంటింటికీ రెండు పాటలు, ఒక ప్రార్థన, ఒక టీ, ఒక కవరు. కవరు మా వార్డెన్ అన్న సంచిలోకి పోయేది. నేను పిల్లలకి చాక్లెట్లు పంచుతూ "హ్యాపీ క్రిస్మస్" అని గొంతు పోయేలా అరిచాను.

ఒంటిగంట దాటాక ఫిషింగ్ హార్బర్ వైపు మత్స్యకారుల పేటలోకి వెళ్ళాం. ఆ పేటలో మన ఇళ్ళు నాలుగైదే. చివరి ఇంటికి పైన ఇంకా నీలం టార్పాలిన్ కప్పి ఉంది, తుఫానుకి పోయిన పెంకులు మళ్ళీ నేయించలేదు. గుమ్మానికి చిన్న స్టార్, అందులో సున్నా బల్బు. ముప్ఫై దాటిన ఆవిడ, ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్తగారు. పాటలయ్యాక అందరూ టీ తాగడానికి బయటికి వచ్చారు. నేను గోడకి ఆనుకుని కూలబడ్డాను.

"ఆ ముసుగు తీసీయి బాబూ, ఉడికిపోతన్నావు" అంది ఆవిడ. తీశాను. చెంబుతో నీళ్ళిచ్చింది.

"మీదే ఊరు?"

"ఒంగోలండి."

"అమ్మో, అంత దూరమే! పండక్కి ఎల్లలేదేటి?"

"ట్రైనింగండి. సెలవివ్వలేదు." ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం వణికించుకున్నాను. అప్పటికే నాకు అది అలవాటైపోయింది. ఎవరడిగినా అదే గొంతు.

"మా ఆయనకీ ఇయ్యనేదు నాయినా" అని నవ్వింది. "బోటు మీదున్నాడు. ఎల్లి ఆరు రోజులైంది."

వాళ్ళాయన పనిచేసే బోటు తుఫానులో దెబ్బతింది. బాగుచేయించి నీళ్ళలోకి దించేసరికి డిసెంబరు సగమైంది. రెండు నెలలు పనిలేదు, అప్పులు. బోటులో మిగతావాళ్ళెవరికీ మన పండగ లేదు. పండగని ఆగితే ఆ ట్రిప్పు కూలి పోయినట్టే. ఆవిడ ఇదంతా కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. అందులో త్యాగం అన్న మాట లేదు, దేవుడి కోసం అన్న మాట లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తిని ఎల్లండి, అన్నముంది. పండగని కోడి తెచ్చేను, సేపలు మాకు రోజూ ఉన్నవే" అంది.

రాత్రి ఒంటిగంటన్నరకి పీట మీద కూర్చుని కోడికూర, అన్నం తిన్నాను. ఎర్ర కోటుతోనే. చిన్నపిల్ల తలుపు సందులోంచి నన్నే చూస్తోంది, తాతకి నల్ల జుట్టేంటని కాబోలు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. వేయించిన నెత్తళ్ళు. "ఆస్టల్లో పప్పే కదా పెడతారు" అంది. డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, వాళ్ళాయన పేరు చెక్కించి ఉన్నాయి. పెళ్ళికి పెట్టిన సామాను అయ్యుంటుంది.

మర్నాడు గురువారం, క్రిస్మస్. తెల్లవారుజామున ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ. ఆ నెత్తళ్ళు పద్నాలుగు మందికీ తలా చారెడు కూడా రాలేదు. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, రాత్రి కోడికూర తిన్నానని, బాగా ఉన్నానని చెప్పాను.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తాను. జనవరిలో మా అందరిచేతా ప్రార్థన లేఖలు రాయించారు. మమ్మల్ని పంపిన సంఘాలకి, మా చదువుకి డబ్బు కట్టే కుటుంబాలకి మూడు నెలలకోసారి వెళ్ళే లేఖలవి. నేను రాసినదాంట్లో కొన్ని మాటలు నాకింకా కంఠతా వచ్చు. "అయినవారికి దూరంగా, తుఫాను శిథిలాల మధ్య, కన్నీళ్ళతో ప్రభువు జన్మదినాన్ని జరుపుకున్నాము" అని రాశాను. నలభై రెండు గృహాలు దర్శించామని రాశాను. నెత్తళ్ళు రాయలేదు. కోడికూర రాయలేదు. బోటు మీదున్న మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నా కన్నీళ్ళు పలచబడిపోతాయి కదా.

ఆ లేఖని మా పల్లెలో అయ్యగారు పుల్పిట్ మీంచి చదివారు. సంఘం కన్నీళ్ళు తుడుచుకుందట. ఆ సాయంత్రం ఐదింటికి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, కన్నీళ్ళతో అని రాశావంట. నాతో కోడికూర తిన్నానన్నావు. ఏది నిజం?"

నేను నీళ్ళు నమిలాను. "లేఖల్లో అలా రాస్తారమ్మా" అన్నాను.

"మరి నేను ఏడ్చింది రాయకపోయావా, అదైనా నిజం" అంది. పండగ రోజు నా చొక్కా కూడా కుట్టించి కుర్చీ మీద వేసి ఉంచిందట. చర్చి నుంచి వచ్చాక దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు.

నా అభ్యంతరం ఇక్కడే. క్రిస్మస్‌కి ఇంటికి వెళ్ళకపోవడం త్యాగమే అనుకుందాం. ఎవరి త్యాగం? నాకు ఆ నెలంతా పాటలు, కేకులు, బిర్యానీ, పదమూడు మంది జతగాళ్ళు. మూల్యం చెల్లించింది మా అమ్మ. స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పింది నేను. పైగా పండగకి దూరంగా ఉండడమే గొప్పయితే వైజాగ్‌లో ఆ గొప్ప లేనివాడెవడు? ఉక్కు ఫ్యాక్టరీలో మూడో షిఫ్టు ఆగదు, కొలిమి ఆరిపోకూడదు గనక. కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ నర్సుల్లో మన అమ్మాయిలెంతమంది! ఓడల మీద నేవీవాళ్ళు, గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు, ఏళ్ళకేళ్ళు పండగ మొహం చూడనివాళ్ళు. వాళ్ళెవరినీ మనం మైకు ముందుకి పిలవం. "పొట్టకూటి కోసం" అంటాం. నా ట్రైనింగ్ ఫీజు ఆ పొట్టకూటి డబ్బుల్లోంచే వచ్చిందని మాత్రం మర్చిపోతాం.

ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళు. నువ్వు త్యాగం చేశావు అని పదిసార్లు చెప్తే నమ్మేస్తాడు. నమ్మాక వాడికి ప్రతి ఇల్లూ తన త్యాగానికి ప్రేక్షకుల్లా కనిపిస్తుంది. అన్నం పెట్టిన మనిషి కనిపించదు, "దర్శించిన గృహం" కనిపిస్తుంది. అంకెల పిచ్చి ఒకటి దానికి తోడు. ఈ పిచ్చి మా ఒంగోలువాళ్ళకి మరీ ఎక్కువ. 1878 జులై 3న మా గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో. ఆ అంకె వినకుండా మా వైపు ఎవరూ పెరగరు. అంతకుముందు కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించిన సంగతి మాత్రం ఎవరో ఓపికున్నవాళ్ళు చెప్తేనే తెలుస్తుంది.

మరి రూలెందుకు మంచిదంటున్నాను? ఆ రాత్రి ఆ పీట మీద కూర్చున్నాను కాబట్టి. అంతకుముందు ఆరు నెలలు మాకు ఇవ్వడమే నేర్పారు. కరపత్రం ఇవ్వు, వాక్యం ఇవ్వు, ప్రార్థన ఇవ్వు. ఎవరైనా పెడితే తినడం ఎలాగో నేర్పలేదు. లూకా సువార్త పదో అధ్యాయం మాకు పరీక్షకి కూడా ఉంది. యేసు డెబ్భై మందిని ఇద్దరిద్దరు చొప్పున పంపేటప్పుడు ఏం చెప్పాడు? సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండండి, వాళ్ళు పెట్టింది తినండి, ఇల్లిల్లూ తిరగొద్దు. అంటే ఒకరి గడప దగ్గర చెయ్యి చాచి నిలబడేలా పంపాడు. మేమేమో ఒక్క రాత్రిలో నలభై రెండు ఇళ్ళు తిరిగి కవర్లు పట్టుకొచ్చాం. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు పదికి తొమ్మిది వచ్చాయి.

వైజాగ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడ దిగారు. తెలుగువాళ్ళ మధ్య ప్రొటెస్టెంట్ మిషన్ పని మొదలైంది వాళ్ళతోనే. మా క్లాసులో వాళ్ళ గురించి చెప్పిందంతా సముద్రాలు దాటొచ్చిన త్యాగం గురించే. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో. ఇద్దరికీ కలిపి ఇక్కడ దొరికింది ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఎక్కువ భాగం ఏం చేశారు? తెలుగు నేర్చుకున్నారు. బళ్ళో పిల్లల్లా పండితుల ముందు కూర్చున్నారు. తమిళదేశంలో క్రైస్తవుడైన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు వచ్చి తోడయ్యాక అనువాదం కదిలింది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో 1812లో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. ఆనందరాయరు లేకపోతే ఆ ఇద్దరు దొరలూ ఇక్కడ మాట రాని పరాయివాళ్ళు, అంతే. మా నోట్సులో ఆయన పేరు ఒక లైనులో ఉంది.

మిషన్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండేవాళ్ళు ఉన్నారు, నా స్నేహితుల్లోనే ఉన్నారు. "పక్కవాడి ఇంట్లో దూరి వాడి నమ్మకం మార్చడమేగా మీ పని" అంటారు. ఆ వాదన అంతా ఇక్కడ మొదలుపెట్టను. నా నమ్మకం నాకు ప్రాణం, దాన్ని ఇంకొకరితో చెప్పడం తప్పనుకోను. కానీ వాళ్ళ కోపంలో కొంత భాగం మా నడక మీదేనని ఒప్పుకుంటాను. పిలవకుండా వచ్చి, పెట్టింది తినకుండా, కూర్చోకుండా, చెప్పాల్సింది చెప్పి పోయేవాణ్ని ఎవరు ఇష్టపడతారు? థింసా అనగానే మొహం చిట్లించిన మావాళ్ళు ఆ కొండల్లో ఎలా నెగ్గుకొస్తారో నాకు ఆ రోజే అర్థం కావాల్సింది. తర్వాత నేనూ పాడేరు పైన ఒక ఊళ్ళో మూడేళ్ళున్నాను. నాన్న మంచాన పడ్డాక తిరిగొచ్చేశాను. ఆ మూడేళ్ళలో నన్ను అక్కడ నిలబెట్టింది బైబిలు క్లాసుల కంటే ఆ స్టారు కట్టిన కుర్రాడు నేర్పిన నాలుగు కువి మాటలు, వాళ్ళమ్మ పెట్టిన రాగి అంబలి.

"పంపితే ఏం పోతుంది, ఇంటి దగ్గర తిని రాకూడదా" అని ఆ తల్లి అడగొచ్చు. ఇంటి దగ్గర మనం ఎప్పుడూ పెట్టేవాళ్ళమే. క్రిస్మస్ రోజు మా ఇంటికి వచ్చినవాళ్ళకి మేం కేకు ముక్క ఇస్తాం, మా వీధిలో హిందువుల ఇళ్ళకి అరిసెలు పంపుతాం. పండగ రోజు తనకి ఇల్లు లేకుండా, ఎవరో పిలిస్తే వెళ్ళి తినాల్సిన స్థితి ఎలా ఉంటుందో సేవకి వెళ్ళేవాడికి ఒక్కసారైనా తెలియాలి. వాడి బతుకంతా ఇక అదే కనుక. ఇంట్లో ఎవరికైనా బాగోలేదనుకోండి, అప్పుడు మాత్రం మారుమాట్లాడకుండా పంపాలి. మా బ్యాచ్‌లో ఒకడికి తండ్రి ఆపరేషన్ అప్పుడు సెలవివ్వడానికి రెండు రోజులు నాన్చారు. అది విశ్వాసం కాదు, మొండితనం.

నా చేతిలో ఉంటే రూలు అలాగే ఉంచి మిగతాది మార్చేస్తాను. ఇరవై నాలుగో తారీఖు గుంపుగా టాటా ఏస్‌లో తిప్పడం మానేసి, ఒక్కొక్కరిని ఒక్కొక్క ఇంటికి రెండు రోజులకి పంపుతాను. మంచినీళ్ళు మోసిపెట్టమంటాను, చేపలు తోమమంటాను. ఫొటోలు వద్దంటాను. పండగ గురించి ప్రార్థన లేఖ రాయనివ్వను, రాసి తీరాలంటే ఆ ఇంటివాళ్ళ గురించి రాయమంటాను. ఆ రోజు ఫోన్లు అరగంటకి లాక్కోకుండా, అమ్మ ఏడ్చి ముగించేదాకా ఉంచుతాను.

ఆ డబ్బా సంగతి మిగిలిపోయింది. నేను తిరిగివ్వలేదు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది, నా పెట్టెలో సబ్బులు పెట్టుకున్నాను దాంట్లో. ఏప్రిల్ 5న ఈస్టరు వచ్చింది. ఈస్టరుకి పది రోజులు సెలవిచ్చారు. ఇంట్లో పెట్టె సర్దుతూ అమ్మ ఆ డబ్బా తీసి, మూత మీది అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "ఎవరీమె?" అంది. మొత్తం చెప్పాను, బోటుతో సహా.

"నెత్తళ్ళు పెట్టిచ్చిన డబ్బాలో సబ్బులు పెట్టుకున్నావా?" అని ఒక్క మాట అని, వెళ్ళి బియ్యం నానబోసింది. ఎండాకాలంలో అరిసెలేంటని నాన్న సణిగితే పలకలేదు.

తిరిగి వెళ్ళిన వారానికి ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉన్నాయి. ఆ ఇంటి మీద టార్పాలిన్ పోయి కొత్త రేకులు వచ్చాయి. గుమ్మంలో ఒకాయన కాళ్ళు చాపుకుని వల బాగుచేసుకుంటున్నాడు. డబ్బా చూడగానే తన పేరు గుర్తుపట్టాడు.

"క్రిస్మస్‌కి తాత ఏసం కట్టుకుని వొచ్చింది నువ్వేనేటి? మా గుంట సెప్పింది, తాతకి మీసాలు సరిగ్గా రానేదని."

మూత తీసి ఒక అరిసె కొరికాడు. నమిలాడు. "బెల్లం గట్టిగా ఏసేరు మీయమ్మ" అని లోపలికి కేకేశాడు. ఆవిడ వచ్చి అరిసెలన్నీ పళ్ళెంలోకి వంచుకుని, డబ్బా కడగడానికి పట్టుకెళ్ళింది. కూర్చోమన్నాడు. వల ఒక కొస నా చేతికిచ్చి బిగించి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

గంట తర్వాత లేచి వస్తుంటే ఆవిడ అదే డబ్బా తెచ్చి మళ్ళీ నా చేతిలో పెట్టింది. ఈసారి ఎండు రొయ్యలు.